పెంచలమ్మక్క అంగడి మూసిన మధ్యాహ్నం

మొన్న కావలిలో ఆశా కార్యకర్తల శిక్షణ తరగతి ముగించుకొని రైల్వేస్టేషను వైపు నడుస్తుంటే, ఒక సందు మొదట్లో పులిబొంగరాల వాసన తగిలింది. పులిసిన పిండిలో తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాస్త జీలకర్ర. గుంటల పెనం మీద నూనె చుక్క పడగానే పిండి అంచులు ఎర్రబడుతూ లేచే వాసన అది. నాకు తెలియకుండానే కాళ్లు ఆగిపోయాయి. వేస్తున్న మనిషి ఇనుప పుల్లతో ఒక్కొక్కదాన్నీ తిరగేస్తూ "కట్టమంటావామ్మా, ఇక్కడే తింటావా?" అని అడిగాడు. ఇక్కడే తింటానన్నాను. నిలబడి తింటూ ఉంటే నేను ఎక్కాల్సిన రైలు వచ్చి వెళ్లిపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను. చాలా రోజుల తర్వాత పెంచలమ్మక్క నా పక్కన కూర్చున్నట్టు అనిపించింది. లేచి వెళ్లబుద్ధి కాలేదు.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. వాకాడు నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో, మా ఊరి మలుపు దగ్గర, సరుగుడు తోపును ఆనుకొని ఒక రేకుల అంగడి ఉండేది. పొద్దున ఇడ్లీలు, పులిబొంగరాలు. సాయంత్రం దాకా టీ. రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లు, సముద్రంలో చేపల వేటకు పోయి వచ్చినవాళ్లు, బడిపిల్లలు అందరూ అక్కడే తినేవాళ్లు. అంగడి నడిపే పెంచలమ్మక్క పొడుగైన మనిషి, తక్కువ మాట్లాడేది. జిల్లాలో పడమటి వైపు వరి పండించే రైతు కుటుంబంలో పుట్టిందని, భర్త పోయాక ఈ తీరానికి వచ్చి ఒంటరిగా బతుకుతోందని మాత్రమే మా ఊళ్లో అందరికీ తెలుసు. నా అన్నవాళ్లు ఎవరూ లేని చోటికి ఒక ఆడమనిషి ఏరికోరి ఎందుకు వస్తుందని ఎవరూ అడగలేదు. ఆమె పెట్టే పచ్చడి బాగుండేది. మా ఊరికి అది చాలు.

నేను చిట్టమూరు వైపు పల్లె నుంచి కోడలిగా ఆ ఊరికి వచ్చాను. మాది సంఘానికి క్రమం తప్పకుండా వెళ్లే క్రైస్తవ కుటుంబం. నా భర్త యోహాను ఐసులో పెట్టిన రొయ్యలను వ్యానులో చెన్నైకి తోలేవాడు. ఒక్కోసారి విశాఖపట్నం వైపు, కేరళ వైపు కూడా పోయేవాడు. వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తాడో చెప్పలేం. అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉండేది. ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, రోడ్డు దాటి పెంచలమ్మక్క దగ్గరికి వెళ్లి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చునేదాన్ని. ఆమె వద్దనలేదు, రమ్మనీ అనలేదు. కొన్నాళ్లకు నా కోసం ఒక పీట పక్కకు తీసిపెట్టడం మొదలుపెట్టింది.

అలా కూర్చున్న ఒక పొద్దున, పెనం మీద నుంచి చూపు తిప్పకుండానే ఆమె అడిగింది. "పెండ్లికి ముందు మీరిద్దరూ రక్తం పరీక్ష చేయించుకున్నారా మే?"

మా వైపు ఆడపిల్లను చనువుగా పిలిస్తే 'మే' అంటారు. ఆ చనువుకు మురిసిపోయి, ఆమె అడిగింది రక్తం గ్రూపు గురించి అనుకొని చెప్పబోయాను.

"అది కాదు. సుఖరోగాలకి, హెచ్ఐవీకి చేసే పరీక్ష. మీ ఆయన దూరాలు పోతా ఉంటాడు గదా. ఆయన మంచోడా చెడ్డోడా అని నేను అడగడం లా. పరీక్ష అయిందా లేదా అని అడగతా ఉండా."

ఆ మాటలు ఒక ఆడమనిషి నోటి నుంచి, అదీ పట్టపగలు వినడం నాకు అదే మొదటిసారి. "మేం ప్రార్థన చేసుకునేవాళ్లం అక్కా. మా ఇంట్లో అట్టాంటివి ఉండవు" అన్నాను.

"ప్రార్థన చేసేవాళ్లకు జొరం రాదా?" అని, బొంగరాలు తీసి ఆకులో పెట్టి ఎవరికో అందించింది. నేను కొన్ని రోజులు అటు వెళ్లలేదు. ఆమె కూడా ఎందుకు రాలేదని అడగలేదు. ఒక పిల్లవాడి చేత గిన్నెలో పచ్చడి పంపింది. ఆ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. పీట తీసిపెట్టిన చోటే ఉంది.

ఆ తర్వాత కొన్ని నెలలకు నేను గర్భవతినయ్యాను. అయిదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దు, ఆసుపత్రి మెట్లు అప్పుడే ఎక్కొద్దు, దిష్టి తగులుతుందని అత్తగారు కబురు పెట్టింది. నేనూ సరేననుకున్నాను. ఒక్క పెంచలమ్మక్కకు మాత్రం చెప్పకుండా ఉండలేకపోయాను. అప్పుడే నా అరచేతుల్లో చిన్న చిన్న ఎర్రటి మచ్చలు కనిపించాయి. అరికాళ్లలో కూడా ఉన్నాయి. ఎండాకాలం, ఒంట్లో వేడి అనుకున్నాను. సబ్జా గింజలు నానబెట్టుకొని తాగాను. తగ్గలేదు. ఒక మధ్యాహ్నం ఆమె టీ గ్లాసు అందిస్తుంటే నా అరచెయ్యి ఆమె కంటబడింది. గ్లాసు పక్కన పెట్టి చెయ్యి పట్టుకొని వెలుతురులోకి తిప్పింది.

"దురద పెడతా ఉందా?"

"లేదక్కా."

"నొప్పి?"

"ఏమీ లేదు. వేడి చేసినట్టుంది."

"కాళ్లు చూపించు."

చూపించాను. ఇంకా సగం పాలు మిగిలి ఉన్నాయి. టీ కోసం ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లకు ఇచ్చి పంపేసి, పొయ్యి ఆర్పి, రేకు తలుపు కిందికి దించింది. ఆమె వేళకాని వేళలో అంగడి మూయడం నేను ఎన్నడూ చూడలేదు. "రేపు పొద్దున బస్సుకి గూడూరు ఆస్పత్రికి పోదాం. నేనూ వస్తా" అంది.

నేను రానన్నాను. ఎందుకు రానన్నానో ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మచ్చలంటే భయం లేదు. ఆ పరీక్ష గది ముందు నిలబడితే మా సంఘం వాళ్లు ఎవరైనా చూస్తారేమోనని భయం. నేను తప్పు చేసినట్టు అవుతుందని భయం. "నేనేం చేశానక్కా? మొగుడు తప్ప ఇంకొక మనిషి తెలియదు నాకు. నాకెందుకు వస్తాది?" అని ఏడ్చాను.

ఆమె నన్ను అంగడి వెనక గదిలోకి తీసుకెళ్లి చాప మీద కూర్చోబెట్టింది. గూట్లో నుంచి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచి నా ముందు పెట్టింది. అందులో మాత్రల సీసా ఉంది. ఆమె రోజూ తప్పకుండా ఆ మాత్ర వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"ఇదేందో తెలుసా?"

"బీపీ మాత్రలన్నావు గదక్కా."

"బీపీకి కాదు. హెచ్ఐవీకి."

నేను చాప మీద నుంచి లేవలేదు కాని, ఆమె చేతికి ఆనుకొని ఉన్న నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. ఆమె అది చూసింది. చూసి కూడా చెప్పడం ఆపలేదు.

"మా ఆయన లారీ తోలేవాడు. మంచోడే మే. నన్ను ఒక్కనాడు పల్లెత్తు మాట అన్నోడు కాదు. దగ్గు పట్టుకునింది, చిక్కిపోయినాడు. డాక్టరు మా మరిదికి చెప్పినాడు. మరిది మా అత్తకి చెప్పినాడు. నాకు మాత్రం ఒక్కరూ చెప్పలా. నేను అప్పుడు కడుపుతో ఉండా. చెప్తే పుట్టింటికి పోతాననీ, ఊళ్లో పరువు పోతాదనీ వాళ్ల భయం. ఆయన పోయినాడు. బిడ్డ పుట్టినాడు. నడక వచ్చినాక వాడికి ఊరికూరికే జొరం, విరేచనాలు. ఎన్ని చోట్ల తిప్పినా తగ్గలా. ఆకరికి పెద్దాస్పత్రిలో వాడి రక్తం తీసినారు. తర్వాత నా రక్తం తీసినారు. అప్పుడు తెలిసింది నాకు. అప్పటికే ఆలస్యమైపోయింది వాడికి."

ఆమె ఏడవలేదు. డబ్బా మూత బిగిస్తూ చెప్పింది. "కడుపులో ఉన్నప్పుడే తెలిసుంటే బిడ్డకి రాకుండా మందు ఇచ్చుండేవాళ్లంట. ఆ నర్సమ్మ చెప్తా ఉంటే నాకు వినబడింది ఆ ఒక్క మాటే. నేనేం తప్పు చేసినా? ఏమీ చెయ్యలా. తప్పు చేసినోళ్లకే వస్తాది అనుకొని మంచోళ్లందరం ఇండ్లలో కూర్చోనుండాం. నీకు ఏదన్నా ఉందని నేను చెప్పడం లా. లేకపోతే పోయేది కాస్త రక్తం. ఉంటే మాత్రం ఈ నెల్లోనే తెలియాల, బిడ్డ కోసం."

నేను తల ఎత్తలేకపోయాను. ఆమె లేచి వెళ్తూ, ఏదో ధర చెప్పినంత మామూలుగా అంది. "నువ్వు ఈ మాట బయట చెప్తే రేపటి నుంచి నా అంగడికి కాకి కూడా రాదు. అది తెలిసే చెప్పినా."

ఆ మాట నన్ను లేపి నిలబెట్టింది. నా కోసం ఒక మనిషి తన కూడు పణంగా పెట్టి మాట్లాడిందని అర్థమైంది. మర్నాడు పొద్దున మేమిద్దరం బస్సెక్కాం.

ఆసుపత్రిలో పరీక్షలు చేసే గది ఒక మూలగా ఉంది. నా వయసే ఉన్న ఒక కౌన్సెలరు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మాట్లాడింది. నేను చెప్పేది గది దాటి పోదనీ, ఫలితం నాకు తప్ప ఎవరికీ ఇవ్వననీ ముందే చెప్పింది. నేను ఊహించినట్టు ఆమె నన్ను కిందికీ పైకీ చూడలేదు. పెళ్లయి ఎన్నాళ్లయింది, పుండు ఏమైనా వచ్చిందా, భర్తకు వచ్చిందా అని జొరం గురించి అడిగినట్టే అడిగింది. చేతికి పట్టీ కట్టి రక్తం తీశారు. బయట బల్ల మీద పెంచలమ్మక్క పక్కన కూర్చున్నాను. నేను మనసులో ప్రార్థన చేసుకుంటున్నాను. ఆమె ఏం చేసిందో తెలియదు. కాని నా చెయ్యి ఆమె చేతిలో ఉంది. ఈసారి నేను వెనక్కి తీసుకోలేదు.

హెచ్ఐవీ లేదు. సిఫిలిస్ ఉంది. పాతకాలం వాళ్లు సవాయి రోగం అనేవాళ్లే, అది. పెద్ద వయసు డాక్టరమ్మగారు నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పారు. ఆ రోగం మొదట ఒక పుండుగా వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొన్ని వారాలకు అదే మానిపోతుంది. మానిపోయింది కదా అని మనిషి మరిచిపోతాడు. రోగం మాత్రం రక్తంలో ఉండిపోతుంది. తర్వాత ఇలా అరచేతుల్లో, అరికాళ్లలో మచ్చలుగా తేలుతుంది. అవీ పోతాయి. లోపలిది పోదు. గర్భంతో ఉన్నవాళ్లకు వైద్యం చేయకపోతే కడుపు పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టవచ్చు, లేదా రోగంతోనే పుట్టవచ్చు.

నేను అడిగింది ఒక్కటే. "బిడ్డకేమైనా అయిందా అమ్మా?"

"టయానికొచ్చావు. పెన్సిలిన్ సూదులు వేస్తే తగ్గిపోతుంది. మీ ఆయన కూడా వేయించుకోవాలి. ఒక్కరికి చేస్తే లాభం లేదు, మళ్లీ నీకు వస్తుంది. ఇద్దరికీ వైద్యం పూర్తయ్యేదాకా కలవకండి" అన్నారావిడ. ముందు కొంచెం మందు చేతికి ఎక్కించి ఒంటికి పడుతుందో లేదో చూసి, ఆ పైన సూది వేశారు. వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. హెచ్ఐవీ క్రిమి ఒంట్లో చేరిన వెంటనే పరీక్షలో కనబడకపోవచ్చనీ, మూడు నెలలు దాటాక ఇంకోసారి చూసుకోవాలనీ కౌన్సెలరు చెప్పింది. బయటికి వచ్చి ఇవన్నీ పెంచలమ్మక్కకు చెప్పాను. హెచ్ఐవీ లేదన్నప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. "రా, మజ్జిగ తాగుదాం. నీ మొహం వాడిపోయుండాది" అని లేచింది.

ఇక యోహానుకు చెప్పడం మిగిలింది. అతను వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు. భయం, దాన్ని మించిన కోపం. వచ్చి, కాళ్లు కడుక్కొని కూర్చున్నాక చెప్పాను. అతని మొహం నల్లబడింది. "నీకెవరు ఎక్కించినారు ఇదంతా? ఆ అంగడామేనా?" అని లేచాడు. నేను పెంచలమ్మక్కను పిలిచాను. ఆమె గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"నిన్ను ఎవరూ ఏమీ అడగడం లేదబ్బయ్యా. యాడ, ఎప్పుడు, ఎవురితో అని నీ పెండ్లాం కూడా అడగలా. రేపు పోయి రక్తం ఇచ్చి రా. పంచాయితీ తర్వాత పెట్టుకోండి. కడుపులో బిడ్డకి మీ పంచాయితీ అయ్యేదాకా ఆగే తీరిక లేదు."

అతను మళ్లీ కూర్చున్నాడు. తర్వాత నేలను చూస్తూ చెప్పాడు. పెళ్లికి కొంచెం ముందు పుండు లేచిందట. మందుల అంగట్లో చెబితే పూతమందు ఇచ్చాడట. మానిపోయింది. "తగ్గిపోయిందనే అనుకున్నా సువార్తా. తగ్గకుండా నిన్ను చేసుకునేవాడ్ని కాదు" అన్నాడు. ఆ మాట నిజమని నాకు అప్పుడే తెలుసు. అయినా క్షమించడానికి చాలా కాలం పట్టింది. మర్నాడు అతను గూడూరు వెళ్లాడు. అతనికీ అదే రోగం ఉంది, హెచ్ఐవీ లేదు. సూదులు వేయించుకున్నాడు. మూడు నెలల తర్వాత ఇద్దరం మళ్లీ చూపించుకుంటే అప్పుడూ హెచ్ఐవీ లేదనే వచ్చింది.

ఆ నెలల్లో నేను ఇంట్లో అతనితో సరిగ్గా మాట్లాడలేదు. వంట చేసి పెట్టేదాన్ని, అంతే. ఒకరోజు పెంచలమ్మక్క దగ్గర కూర్చొని నా కోపమంతా వెళ్లబోసుకుంటే ఆమె శాంతంగా విన్నది. ఓర్చుకో అనలేదు, వదిలెయ్యి అనలేదు. "రోగం వేరు, నమ్మకం వేరు. రోగానికి సూది ఉండాది. రెండోదానికి డాక్టరు లేడు, మీరే చూసుకోవాల. కాకపోతే ఒకటి చెప్తా. చెప్పిన వెంటనే ఆస్పత్రికి పోయినాడు చూడు, అట్టా పోయే మొగోళ్లను నేను ఎక్కువమందిని చూడలా" అంది. నేను ఆ మాటను పట్టుకొని నెమ్మదిగా ఒడ్డుకు చేరాను.

మాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే బిడ్డకూ పరీక్షలు చేసి, ఏమీ లేదని చెప్పారు. కృప అని పేరు పెట్టుకున్నాం. పెంచలమ్మక్క చూడడానికి వచ్చి వాకిట్లోనే నిలబడిపోయింది. లోపలికి రమ్మంటే రాలేదు. నేనే లేచి వెళ్లి బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాను. ఎత్తుకోవడం మరిచిపోయిన మనిషిలా కాసేపు తడబడి, తర్వాత గట్టిగా గుండెకు పొదువుకుంది. ఆమె కన్నీళ్లు చూడడం నాకు అదే మొదలు.

కృప పాకే వయసులో పెంచలమ్మక్క సంగతి ఊళ్లో గుప్పుమంది. తల్లిని చూపించడానికి నెల్లూరు పెద్దాసుపత్రికి వెళ్లిన మా ఊరి మనిషొకడు, హెచ్ఐవీ మందులిచ్చే చోట పెంచలమ్మక్కను చూశాడు. రెండు రోజుల్లో అంగడి ఖాళీ అయింది. పిల్లలను అటు పోనివ్వద్దన్నారు. ఆమె చేతి ఇడ్లీ తిన్నందుకు కొందరు పరీక్షలు చేయించుకోవాలా అని కూడా అడిగారు. పెంచలమ్మక్క నన్ను అనుమానిస్తుందేమోనని భయపడ్డాను. పరుగున వెళ్లి, నేను చెప్పలేదక్కా అన్నాను.

"తెలుసు. చెప్పేదానివైతే ఎప్పుడో చెప్పుండేదానివి" అంది, చల్లారిన పెనం తుడుస్తూ. అంగడి మాత్రం మూయలేదు. రోజూలాగే పిండి రుబ్బేది, పొయ్యి వెలిగించేది, ఎవరూ రాకపోతే కుక్కలకు పెట్టేది.

ఆ వారం యోహాను ఇంటికి వచ్చాడు. సంగతి విన్నాడు. మర్నాడు పొద్దున, మలుపు దగ్గర బస్సు కోసం జనం ఉండే వేళ చూసి, కృపను భుజాన వేసుకొని నన్ను వెంటబెట్టుకొని వెళ్లి అంగడి ముందు బల్ల మీద కూర్చున్నాడు. "అక్కా, ముగ్గురికీ పెట్టు. చంటిదానికి ఇడ్లీ మెత్తగా చిదిమి పెట్టు" అన్నాడు, అందరికీ వినబడేలా. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా మా వైపే చూశారు. నా భర్తను నేను మనస్ఫూర్తిగా క్షమించింది ఆ బల్ల మీదే అనుకుంటాను. నేను వెళ్లి మా పాస్టరుగారిని అడిగాను, ఏదైనా చెప్పండయ్యా అని. ఆయన ప్రసంగంలో ఏమీ చెప్పలేదు కాని, ఆ ఆదివారం ఆరాధన అయ్యాక భార్యతో కలిసి నేరుగా అంగడికి వెళ్లి టీ తాగారు. తర్వాత ఒకరూ ఇద్దరూ రావడం మొదలైంది. కలిసి తిన్నంత మాత్రాన, తాకినంత మాత్రాన అది అంటదని ఊరికి ఎక్కడానికి దాదాపు ఒక సంవత్సరం పట్టింది. కొందరికి ఎప్పటికీ ఎక్కలేదు. వాళ్లు ఆమె చనిపోయేదాకా రానే లేదు.

కాని దాచడానికి ఇంక ఏమీ లేకపోవడం వల్ల ఒక మేలు జరిగింది. మధ్యాహ్నం అంగట్లో సందడి తగ్గాక ఆడవాళ్లు వెనక గుమ్మం వైపు నుంచి రావడం మొదలుపెట్టారు. ఇంకెవరినీ అడగలేనివి ఆమెను అడిగేవాళ్లు. నేనూ అక్కడే ఉండేదాన్ని. రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోయే ఒకామె, తెల్లబట్టతో, పొత్తికడుపు నొప్పితో ఏడాదిగా బాధపడుతూ, వేడి అంటూ మజ్జిగ తాగుతూ ఉండేది. పెంచలమ్మక్క ఆమె మాట పూర్తిగా విని, "నీకు వేడి కాదమ్మే. వాసన వస్తా ఉంటే, రంగు మారితే, మూత్రానికి పోతే మంట పుడితే దానికి మందుండాది. ఎప్పుడు పోదాం?" అంది. ఇంకోసారి వేటకు పోయే కుర్రాడి తల్లి వచ్చి, కొడుకు పెళ్లి కుదిరింది, బాగానే ఉన్నాడు, జబ్బేమీ లేదు, పరీక్ష ఎందుకు అంది. "బాగున్నప్పుడే చూసుకోవాల. నా మొగుడు కూడా పెండ్లిలో బాగానే ఉండె" అంది పెంచలమ్మక్క. ఆ తల్లి కొడుకునూ కాబోయే కోడలినీ ఇద్దరినీ పంపింది. టీ తాగడానికి వచ్చే డ్రైవర్లకు కూడా ఆమె మొహమాటం లేకుండా చెప్పేది. నిరోధ్ లేకుండా ఎవరితోనైనా కలిసి ఉంటే పుండు కోసం ఎదురుచూడొద్దు, వెళ్లి చూపించుకో అనేది. ఇప్పుడు ఏమీ లేదని వచ్చినా నెలలు ఆగి మళ్లీ చూపించుకో అనేది. మందుల అంగట్లో కొనుక్కొచ్చిన పూతమందుతో పుండు మానితే రోగం పోయినట్టు కాదని చెప్పేది. వాళ్లు నవ్వేవాళ్లు. కొందరు నవ్వి, తర్వాత వెళ్లేవాళ్లు.

ఎవరు వచ్చినా ఆమె అడగని ప్రశ్న ఒకటుండేది. ఎవరి వల్ల వచ్చింది అని ఎన్నడూ అడగలేదు. ఒకసారి నేనే దాని గురించి అడిగితే, "అది తెలిసి నేనేం చేస్తా? సూది వేసేవాళ్లకి కూడా అది అక్కర్లేదు" అంది.

ఆమె ఆ రోగంతో పోలేదు. చాలా సంవత్సరాలు మాత్ర ఒక్కటీ తప్పకుండా వేసుకుంది. పరీక్ష చేస్తే రక్తంలో క్రిమి కనబడనంత తగ్గిపోయిందని డాక్టర్లు సంతోషపడేవాళ్లు. జుట్టు నెరిసింది, మోకాళ్ల నొప్పులు వచ్చాయి, అందరిలాగే ముసలిదయింది. మూడేళ్ల కిందట ఒక ఉదయం పిండి కలుపుతూ పక్షవాతంతో పడిపోయింది. ఆసుపత్రిలో కొద్ది రోజులే ఉంది. మాట పోయింది, చూపు మాత్రం ఉంది. యోహాను ఆమె మంచం పక్కన కూర్చొని గంజి తాగించేవాడు. పడమటి ఊరి నుంచి ఎవరూ రాలేదు. ఆమె పోయాక కొడుకు చేయాల్సినవన్నీ యోహాను చేశాడు. ఆమె దేవుడు వేరు, మా దేవుడు వేరు. అయినా ఆమె కోరుకునే విధంగానే, ఆమె ఆచారం ప్రకారమే చేశాం. శ్మశానానికి ఆడవాళ్లు రాకూడదంటారు. ఆ రోజు వచ్చిన ఆడవాళ్లను ఎవరూ ఆపలేకపోయారు.

నేను ఆశా కార్యకర్తనయింది ఆమె బలవంతం మీదే. ఇప్పుడు గర్భవతులను ఆసుపత్రికి తీసుకెళ్లడం నా ఉద్యోగం. అన్ని పరీక్షలూ మొదటి నెలల్లోనే చేయిస్తాను. కాగితం మీద అది సులువే. ఎదురుగా కూర్చున్న మనిషి తల దించుకున్నప్పుడే అసలు కష్టం. పోయిన నెల ఒక కొత్త కోడలు ఇలాగే, నేనేం తప్పు చేశాను, నేను రాను అని ఏడ్చింది. శిక్షణలో చెప్పినవన్నీ చెప్పాను. ఏవీ తలకెక్కలేదు. అప్పుడు ఆమె పక్కన కూర్చొని, ఇరవై ఏళ్ల వయసులో నా అరచేతుల్లో తేలిన మచ్చల గురించి చెప్పాను. రోగం పేరు చెప్పాను. రోజూ ఆమె గుమ్మం ముందు నుంచి బడికి పోతూ కనిపించే కృపే ఆ బిడ్డ అని చెప్పాను. ఆ పిల్ల తల ఎత్తి నన్ను చూసింది. "బస్సు ఎన్నింటికక్కా?" అంది.

ఇదంతా రాయడానికి ముందు ఇంట్లో ఇద్దరినీ అడిగాను. కృపకు ఈ కథ చిన్నప్పటి నుంచే తెలుసు. రాయమంది. యోహాను ఇప్పటికీ వ్యాను తోలుతూనే ఉన్నాడు, చిన్నవాళ్లకు నేర్పుతున్నాడు కూడా. "రాయి. నా సంగతి తీసెయ్యబాక. డ్రైవర్లు కూడా చదువుతారు గదా" అన్నాడు.

పెంచలమ్మక్క తన బతుకులో దాచుకోవాల్సిన ఒకే ఒక్క మాటను, అడగకుండానే నా ఒడిలో పెట్టింది. నా బిడ్డ బతికింది. ఆ రుణం ఆమెకు తీర్చలేను. ఎవరైనా భయంతో నా ఎదుట కూర్చున్నప్పుడల్లా, నా మాటను ముందు నేనే చెప్తాను.